తుపానుకు హ్యామ్ రేడియో: మన శ్రీకాకుళం జిల్లాలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, ఆన్‌లైన్లో వాకీటాకీ ఒకటి తెప్పించుకుంటే చాలు కదా?" చాలదు. హ్యామ్ రేడియో అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్న మామూలు మనుషులు సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. సెట్టు కొనడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. మిగతాదంతా తుపాను లేని నెలల్లో చేసుకోవాల్సిన పని.

అపోహ: సెల్‌ఫోన్లు వచ్చాక హ్యామ్ రేడియోతో పనేముంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. విరిగిన చెట్లు కరెంటు తీగల మీదా రోడ్ల మీదా పడ్డాయి. సెల్ టవర్‌కు కరెంటు పోతే కాసేపు బ్యాటరీ, ఆ తర్వాత డీజిల్ జనరేటర్. దారి మూసుకుపోయాక డీజిల్ మోసేదెవరు? టవర్ చెక్కుచెదరకుండా నిలబడే ఉంటుంది, ఫోనులో సిగ్నల్ మాత్రం ఉండదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ అంతటి నగరంలోనే ఫోన్లు మూగబోయాయి.

అలాగని మేం ఫోనుకు పోటీ కాదు. ఫోను మోగుతుంటే ఫోనే వాడండి. పోలీసు వైర్‌లెస్ ఉంది, శాటిలైట్ ఫోన్లు ఉన్నాయి. అవి అందని ఊళ్లు కొన్ని ఎప్పుడూ మిగిలిపోతాయి, మా అవసరం అక్కడ.

అపోహ: ఐదు వాట్ల సెట్టు, డబ్బా మీద రాసినట్టు పాతిక కిలోమీటర్లు పోతుంది

డబ్బా మీద ఏమైనా రాస్తారు. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ (చాలా ఎక్కువ పౌనఃపున్యం) సెట్టు తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తాయి. మనిషి ఎత్తులో పట్టుకుంటే ఎదురుగా ఏ అడ్డూ లేని మైదానంలో ఒక్కొక్కరికి సుమారు 5 కిలోమీటర్లు, అంటే ఇద్దరి మధ్య మహా అయితే 10. కవిటి, సోంపేట తోటల మధ్య అందులో సగం దక్కినా సంతోషించాలి. అదే యాంటెన్నాను 10 మీటర్ల ఎత్తున కడితే ఆ ఒక్క వైపు నుంచే 13 కిలోమీటర్ల దాకా అందుతుంది. వాట్లు పెంచే డబ్బుతో సెట్టును యాంటెన్నాకు కలిపే మంచి కోక్స్ కేబులు, యాంటెన్నా ఎత్తడానికి ఒక గొట్టం కొనుక్కోమని నేను చెప్పేది అందుకే.

"రిపీటర్ ఉందిగా" అంటారు కొందరు. ఎత్తున ఉండి మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి పంపే పరికరం అది. అది కూడా కరెంటుతో నడిచేదే, గాలికి ఎదురుగా ఎత్తున కూర్చునేదే. రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు ఏ ఊరు నుంచి ఏ ఊరు వినిపిస్తుందో ముందే తిరిగి చూసి, కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

అపోహ: హెచ్‌ఎఫ్ అంటే విదేశాలతో మాట్లాడే సరదా

ఇది మా హ్యామ్‌లలోనే ఎక్కువగా వినిపించే మాట. హెచ్‌ఎఫ్ అంటే వీహెచ్‌ఎఫ్ కంటే తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు. పలాస నుంచి శ్రీకాకుళం కలెక్టరేట్ డెబ్బై కిలోమీటర్ల పైనే. చేతి సెట్టుకు అది అందదు. ఇక్కడ ఆదుకునేది 40 మీటర్ల బ్యాండ్, అంటే మన దేశంలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. యాంటెన్నాకు అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు మామూలు రాగి తీగ, మధ్యలో కోక్స్. దాన్ని ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. మూడు నాలుగు మీటర్ల ఎత్తున వెదురు గెడలకు కట్టండి. సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశంలో బాగా పైనుండే అయనోమండలం అనే పొర నుంచి తిరిగి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కురుస్తుంది. కొండ అడ్డమున్నా, తోట అడ్డమున్నా దానికి లెక్కలేదు. రాత్రి పొద్దుపోయాక 40లో దగ్గరి ఊళ్లు మాయమై దూరపు ఊళ్లు వినిపిస్తుంటే 80 మీటర్ల బ్యాండుకు దిగాలి. కాబట్టి ఆ తీగ కూడా కొలిచి చుట్టి పెట్టుకోండి.

గాలి వీస్తుండగా యాంటెన్నా పైనే ఉండాలనుకోవడం మరో పొరపాటు. హెచ్చరిక రాగానే దించేయండి, కేబులు ఊడదీయండి. గాలి తగ్గాక పావుగంటలో మళ్లీ కట్టగలగాలి. ఉప్పుగాలికి కనెక్టర్ పచ్చబడుతుంది, కేబుల్లోకి నీరు దిగుతుంది. ఏడాదికోసారి కొస కోసి చూడండి.

అపోహ: కారు బ్యాటరీ ఉంటే రెండు మూడు రోజులకు ఢోకా లేదు

లెక్క వేద్దాం. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగింది సగం, అంటే 20. వంద వాట్ల హెచ్‌ఎఫ్ సెట్టు వింటున్నప్పుడు సుమారు ఒక ఆంపియర్, పూర్తి పవరుతో పంపుతున్నప్పుడు 20 దాకా లాగుతుంది. గంటకు ఆరు నిమిషాలు అలా పంపితే మూడు ఆంపియర్ అవర్లు పోతాయి. ఆరేడు గంటల్లో కథ ముగుస్తుంది. పవరు 20 వాట్లకు తగ్గించండి, మాట తగ్గించండి. సోలార్ పలక మంచిదే, కానీ తుపాను మర్నాడు మబ్బులో దాని మీద ఆశ పెట్టుకోకండి.

అపోహ: మైకు పట్టుకుని బాగా మాట్లాడేవాడు మంచి ఆపరేటర్

"సార్, ఇక్కడ పరిస్థితి ఘోరంగా ఉంది, జనం అల్లాడిపోతున్నారు, వెంటనే ఏదో ఒకటి చేయండి!" ఇది విని కంట్రోల్ రూములో ఉన్నవారు ఎక్కడికి, ఏం పంపాలి? అదే సమాచారం ఇలా రావాలి:

"సమయం ఉదయం 7.40. వజ్రపుకొత్తూరు మండలం, ఫలానా ఊరు, హైస్కూల్ పునరావాస కేంద్రం. మనుషులు ఒకటి, ఆరు, సున్నా. కావలసింది తాగునీరు, నెలలు నిండిన ఒకామెకు అంబులెన్సు. ఊరి మొదట చెట్లు పడ్డాయి, ట్రాక్టర్ వస్తుంది, కారు రాదు. చెప్పినవారు వీఆర్వో."

అంకెలు విడివిడిగా ఎందుకంటే, గరగర మధ్యలో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. యాభై, ఎనభై కూడా అంతే. ఊరి పేరు ఒక్కటే చెబితే చాలదు, లక్ష్మీపురాలు, కొత్తపేటలు మనకు ఎన్నో! మండలం పేరు తప్పనిసరి. ముందు కాగితం మీద రాయాలి, రాసింది చదవాలి, అవతలివారు తిరిగి చదివి వినిపించాలి. సరిపోయాకే సందేశం చేరినట్టు లెక్క. మధ్యలో నాలుగు మాటలు మనం కలపకూడదు. వీఆర్వో "మంచినీళ్లు" అంటే "మంచినీళ్లు, బిస్కెట్లు" అని పంపే దయామయులు ఉంటారు, వాళ్లతోనే చిక్కు.

ఇంకొకటి, హ్యామ్ రేడియోలో రహస్యం ఉండదు. రిసీవర్ ఉన్న ఎవరైనా వింటారు. చనిపోయినవారి పేర్లు, "గట్టు తెగిందట" లాంటి విన్న కబుర్లు గాలిలోకి వదిలారా, వంశధార ఒడ్డున ఊళ్లకు ఊళ్లు రాత్రికి రాత్రే ఖాళీ అవుతాయి.

అపోహ: ఆపదలో ఆదుకునే పనికి లైసెన్స్ ఎందుకు?

చట్టం సంగతి అలా ఉంచి, ఆచరణలో చూడండి. కంట్రోల్ రూములోకి కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) లేని మనిషిని ఎవరు రానిస్తారు? అధికారులు అడిగితే వాళ్లు చెప్పిన చోట కూర్చుంటాం, లేదంటే ఇంట్లోనే వింటూ ఉంటాం. సెట్టు చేతిలో ఉంది కదా అని పడవెక్కి రక్షించడానికి బయల్దేరడం మన పని కాదు, అందుకు శిక్షణ ఉన్నవారు వేరే ఉన్నారు.

అపోహ: పరీక్ష ఇంజినీర్లకే, పైగా మోర్స్ కోడ్ రావాలి

రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు, అంటే మొదటి మెట్టు లైసెన్సుకు, మోర్స్ అక్కర్లేదు. 12 ఏళ్లు నిండినవారెవరైనా రాయొచ్చు. కాస్త విద్యుత్తు, కాస్త రేడియో సూత్రాలు, మిగతావి నిబంధనలు. పరీక్ష పెట్టేది కేంద్ర టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. హైదరాబాదులో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో శిక్షణ దొరుకుతుంది. దరఖాస్తు, పరీక్ష, లైసెన్సు చేతికి రావడం అంతా వారం రోజుల్లో అయ్యేది కాదు. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. వచ్చే అక్టోబరుకు కాల్ సైన్ కావాలంటే సంక్రాంతి వెళ్లగానే దరఖాస్తు పెట్టేయండి.