సైటేషన్ లెక్క పుట్టుక, వాతావరణ శాస్త్రంలో దాని నడక

వాతావరణ శాస్త్రవేత్త పేరు ఏ సందర్భంలో వచ్చినా ఆ వెంటే మూడు అంకెలు వచ్చి నిలబడుతున్నాయి. ప్రచురించిన పత్రాలు ఎన్ని, వాటిని ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉదహరించారు (ఒక్కో ఉదహరణా ఒక సైటేషన్), ఈ రెండిటినీ కలిపి కట్టే హెచ్ సూచిక ఎంత అన్నవే ఆ మూడు. నియామక సంఘాలూ నిధులిచ్చే సంస్థలూ వీటిని అడుగుతాయి. భూతాపం గురించి వాదులాడుకునే ఇరుపక్షాలూ తమకు అనుకూలమైనప్పుడల్లా వీటినే ముందుకు తోస్తాయి. ఇంత బరువు మోస్తున్న ఈ లెక్క మొదట ఏ పని కోసం పుట్టిందో, ఈ రంగంలో అది దేన్ని పట్టుకుని దేన్ని జారవిడుస్తుందో తెలియాలంటే న్యాయవాదుల పుస్తకాల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

అమెరికాలో 1873 నుంచి షెపర్డ్స్ సైటేషన్స్ పేరుతో ఒక సూచిక వెలువడేది. ఒక పాత తీర్పును ఆ తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో అందులో వరుసగా ఉండేది. ఆ తీర్పును అనుసరించారా, కొట్టివేశారా అన్నదానికి కూడా పక్కన చిన్న గుర్తు వేసేవారు, ఎందుకంటే కొట్టివేసిన తీర్పును పట్టుకుని కోర్టుకు వెళ్లిన వకీలు నవ్వులపాలవుతాడు. అమెరికన్ సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ ఈ పద్ధతిని చూసి, విజ్ఞాన శాస్త్రానికి కూడా ఇటువంటిది ఉండాలని 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించారు. ఆయన ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన సంస్థ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఒక పత్రం చేతికి చిక్కితే, దాన్ని ఆధారం చేసుకుని తర్వాత ఎవరెవరు ఏం రాశారో వెతికి పట్టుకోవడమే దాని ఉద్దేశం. అయితే న్యాయ సూచికలో ఉన్న గుర్తులు ఈ సూచికలోకి రాలేదు. మెచ్చుకుంటూ ఉదహరించినా, తప్పని నిరూపిస్తూ ఉదహరించినా ఇక్కడ పడేది ఒక్కటే గీత. తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

వెతకడానికి చేసిన పనిముట్టు కొలవడానికి పనికొస్తుందని గ్రహించడానికి ఎంతోకాలం పట్టలేదు. ఒక జర్నల్‌లోని పత్రాలకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను 1975 నుంచి క్రమం తప్పకుండా ప్రచురించసాగారు. 2004లో సైటేషన్లను ఆన్‌లైన్‌లో లెక్కించి చూపే స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ రావడంతో ఎవరి లెక్క వారు ఇంట్లో కూర్చుని చూసుకునే వీలు కలిగింది. ఆ మరుసటి ఏడాదే భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్ సూచికను ప్రతిపాదించారు.

దాన్ని కట్టే తీరు సులువు. కనీసం నాలుగేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు నాలుగు ఉంటే సూచిక నాలుగు, కనీసం ఐదేసి వచ్చినవి ఐదు ఉంటే ఐదు. ఒక పరిశోధకురాలి ఆరు పత్రాలకు వరుసగా 120, 48, 9, 5, 3, 1 చొప్పున సైటేషన్లు వచ్చాయనుకుందాం. నాలుగో పత్రానికి 5 ఉన్నాయి కాబట్టి నాలుగు దాటింది. ఐదో పత్రానికి మూడే ఉన్నాయి కాబట్టి అక్కడ ఆగిపోయింది. ఆమె హెచ్ సూచిక 4. ఇప్పుడు మొదటి పత్రానికి 120 బదులు 12,000 వచ్చినా సూచిక 4 దగ్గరే ఉంటుంది. ఒకేఒక్క గొప్ప పని చేసిన మనిషి ఈ లెక్కలో ఓ మోస్తరు మనిషిగానే మిగిలిపోతాడు. భౌతిక శాస్త్రంలో ఇరవై ఏళ్ల కృషి తర్వాత 20 ఉంటే విజయవంతమైన శాస్త్రవేత్త అనవచ్చని హిర్ష్ తన రంగాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన మాటను, రంగాల తేడా చూడకుండా అందరికీ వర్తింపజేయడం ఆ తర్వాతి అలవాటు.

వాతావరణ శాస్త్ర చరిత్రను ఈ కొలబద్దతో కొలవబోతే మొదట అడ్డొచ్చేది గై కాలెండర్. ఆయన వృత్తిరీత్యా ఆవిరి యంత్రాల ఇంజనీరు, ఏ విశ్వవిద్యాలయంలోనూ వాతావరణం బోధించినవాడు కాదు. ప్రపంచంలోని 147 కేంద్రాల ఉష్ణోగ్రతల రికార్డులను చేత్తో లెక్కగట్టి, భూమి వేడెక్కుతోందనీ, అందులో మనుషులు వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌కు పాత్ర ఉందనీ 1938లో లండన్‌లోని రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ ముందు పత్రం సమర్పించారు. అక్కడున్న నిపుణులు మర్యాదగానే సందేహించారు. ఆయన పనికి తగిన గుర్తింపు దశాబ్దాల తర్వాతగానీ రాలేదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక, ఒక్కసారిగా అందరికీ అవసరమయ్యే ఇటువంటి పత్రాలకు డచ్ పరిశోధకుడు వాన్ రాన్ 2004లో ‘నిద్రాసుందరులు’ అని పేరు పెట్టారు.

గిల్బర్ట్ వాకర్ కథ ఇంకో రకం. 1904 నుంచి భారత వాతావరణ శాఖకు నాయకత్వం వహించిన ఈ గణిత శాస్త్రవేత్త, రుతుపవనాలను ముందుగా అంచనా వేసే దారి కోసం ప్రపంచం నలుమూలల పీడన, వర్షపాత లెక్కలను జల్లెడ పట్టి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య ఊగిసలాడే పీడనాన్ని గుర్తించి దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. భౌతిక కారణం చూపలేదన్న విమర్శ ఆయన్ను చాలాకాలం వెంటాడింది. ఆయన 1958లో మరణించారు. ఆ కారణాన్ని వాతావరణ శాస్త్రవేత్త జాకబ్ బ్యెర్క్‌నెస్ 1969లో వివరిస్తూ, భూమధ్యరేఖ మీదుగా సాగే గాలుల చక్రానికి వాకర్ ప్రసరణ అని నామకరణం చేశారు. ఇవాళ ఎల్ నినో మీద పత్రం రాసేవారు వాకర్ ప్రసరణ అన్న మాట లేకుండా రాయలేరు, కానీ చివర ఆధారాల జాబితాలో వాకర్ పత్రాన్ని చేర్చేవారు అరుదు. పేరు పదంగా మారిపోయాక దాన్ని ఉదహరించవలసిన అవసరం ఎవరికీ తోచదు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని ముందే గుర్తించారు: ఒక ఆవిష్కారం అందరి జ్ఞానంలో ఎంత బాగా కలిసిపోతే, దాని మూలం అంతగా చెరిగిపోతుంది.

చార్లెస్ డేవిడ్ కీలింగ్ విషయంలో ఈ చెరిగిపోవడాన్ని లెక్కగట్టి మరీ చూశారు. 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండమీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు ఆయన మొదలుపెట్టిన కొలతల్లో తొలి అంకె పది లక్షల భాగాలకు సుమారు 313. ఇప్పుడది 420 దాటింది. ఆ పైకెక్కే గీతను చూపని పాఠ్యపుస్తకం ఉండదు. అయినా 2017లో సైంటోమెట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, కీలింగ్ పత్రాలకు వాటి ప్రాధాన్యంతో పోలిస్తే తక్కువ సైటేషన్లు వచ్చాయనీ, అవి అందుకోవడానికి కూడా చాలాకాలం పట్టిందనీ తేల్చింది. గీతను వాడుకున్నవారు దాన్ని గీసిన పత్రాన్ని ఉదహరించలేదు. పైగా నెలనెలా ఒకే చోట గాలిని నమూనా తీసి కొలవడం పత్రాల సంఖ్యను పెంచే పని కాదు. ఇదే పని ఎన్నేళ్లు చేస్తారని నిధులిచ్చే సంస్థలు విసుక్కుంటే, ఆ కొలతలను కొనసాగించడానికి ఆయన పదేపదే పోరాడవలసి వచ్చింది.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో ఉండేవి డేటా పత్రాలు. వాతావరణ పరిశీలనలన్నిటినీ ఒకే కంప్యూటర్ నమూనాలో పెట్టి, నాలుగు దశాబ్దాల వాతావరణాన్ని తిరిగి నిర్మించిన పనిని వివరిస్తూ యూజీనియా కల్నాయ్ బృందం 1996లో ప్రచురించిన పత్రం భూవిజ్ఞాన రంగాలన్నిటిలో అత్యధికంగా ఉదహరించే వాటిలో ఒకటి. ఆ డేటాను దించుకున్న ప్రతివారూ ఆ పత్రాన్ని పేర్కొంటారు. ఇది న్యాయమే, తెరవెనుక పడిన కష్టానికి దక్కిన కొద్దిపాటి గుర్తింపుల్లో ఇదొకటి. కానీ ఆ సంఖ్య చెప్పేది ఆ సామగ్రిని ఎంతమంది వాడారన్నదే తప్ప, అందులోని ఆలోచన ఎంత లోతైనదన్నది కాదు. రెండూ ఒకే గడిలో పడతాయి.

వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లో రాసిన పత్రం వేరే పాఠం చెబుతుంది. వాతావరణాన్ని ఒకే నిలువు స్తంభంగా ఊహించి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత సుమారు 2.3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుందని ఇందులో లెక్కగట్టారు. వాతావరణ మార్పుపై అత్యంత ప్రభావం చూపిన పత్రం ఏదని 2015లో కార్బన్ బ్రీఫ్ సంస్థ, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ నివేదికల రచయితలను అడిగితే, ఎక్కువమంది పేర్కొన్నది దీన్నే. 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది. ఆ పత్రం ప్రచురితమైన రోజుల్లో దాన్ని ఉదహరించగలిగిన వారే కొద్దిమంది. ఒక లెక్క ప్రకారం 1980 నుంచి 2014 వరకు వాతావరణ మార్పుపై వచ్చిన పత్రాలు 2,22,060. రాసేవారు పెరిగేకొద్దీ సైటేషన్లూ పెరుగుతాయి కనుక, 1967 నాటి పత్రాన్నీ 2017 నాటి పత్రాన్నీ పక్కపక్కన పెట్టి అంకెలు చూడటం వేర్వేరు కాలాల జీతాలను ధరల తేడా చూడకుండా పోల్చడం వంటిదే.

మిగతా చిక్కులు అందరూ ఎరిగినవే. యాభైమంది కలిసి రాసిన పత్రంలో ప్రతి ఒక్కరి ఖాతాలోనూ మొత్తం సైటేషన్లు జమవుతాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్న ఇద్దరి లెక్కలు కలిసిపోతాయి. ఈ గందరగోళం తీర్చడానికే ఒక్కో పరిశోధకుడికి ఒక్కో గుర్తింపుగా 2012లో ఓర్కిడ్ సంఖ్యలు వచ్చాయి. నివేదికలనూ సిద్ధాంత వ్యాసాలనూ కూడా లెక్కలోకి తీసుకునే గూగుల్ స్కాలర్‌లో అంకె పెద్దదిగా, ఎంపిక చేసిన జర్నళ్లనే చూసే సంస్థల దగ్గర చిన్నదిగా కనబడుతుంది. ఏ ఖాతా నుంచి తీసుకున్నారో చెప్పకుండా హెచ్ సూచిక ఇంత అనడం, కొలమానం పేరు చెప్పకుండా బరువు చెప్పడమే.

న్యాయ సూచిక నుంచి జారిపోయిన గుర్తుల లోటు స్పష్టంగా బయటపడింది 2003లో. ఇరవయ్యో శతాబ్దపు వేడిమి అసాధారణం కాదని వాదించిన సూన్, బలియూనస్‌ల పత్రం క్లైమేట్ రిసెర్చ్ జర్నల్‌లో వచ్చింది. దాని సమీక్ష జరిగిన తీరుపై అభ్యంతరం చెబుతూ ఆ పత్రికకు కొత్తగా ప్రధాన సంపాదకుడైన హాన్స్ ఫాన్ స్టార్క్ సహా పలువురు సంపాదకులు రాజీనామా చేశారు. ఆ పత్రాన్ని ఖండిస్తూ వచ్చిన ప్రతి వ్యాసమూ దాని సైటేషన్ లెక్కను ఒకటి పెంచింది.

అయినా ప్రజా చర్చలో ఈ అంకెలకు గిరాకీ తగ్గలేదు. 2010లో ఆండెరెగ్ బృందం 1,372 మంది పరిశోధకుల ప్రచురణలనూ సైటేషన్లనూ లెక్కించి, అత్యంత చురుకుగా ప్రచురించే వారిలో 97 నుంచి 98 శాతం మంది మానవ కారక భూతాపాన్ని అంగీకరిస్తున్నారని చూపింది. ఏకాభిప్రాయం నిజమేనని తర్వాతి అధ్యయనాలూ చెప్పాయి, కానీ ఎవరు నిపుణులన్నది పత్రాల సంఖ్యతో తేల్చడం మీద విమర్శలూ వచ్చాయి. 2021 ఏప్రిల్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ అత్యంత ప్రభావవంతులైన వెయ్యిమంది వాతావరణ శాస్త్రవేత్తల జాబితా ఇచ్చినప్పుడు, అందులో ఆఫ్రికా వంటి ప్రాంతాలవారు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉండటం వివాదమైంది. ఆ జాబితా ఎవరినీ కావాలని తప్పించలేదు. ఇప్పటికే ఎక్కువగా రాసి, ఎక్కువగా ఉదహరణకూ ప్రస్తావనకూ నోచుకునేవారినే లెక్కించింది.

జర్నల్ పేరు చూసి పరిశోధకుడికి మార్కులు వేయవద్దని, పరిశోధనల మూల్యాంకనంపై 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. అంకెలు నిపుణుల విచక్షణకు తోడుగా ఉండాలే తప్ప దాని స్థానంలో కూర్చోకూడదని, ఇదే విషయంపై పరిశోధకులు రాసిన లైడెన్ మానిఫెస్టో 2015లో చెప్పింది. ఈ మాట వాతావరణ శాస్త్రంలో ఆచరణకు వచ్చిన చోటు, విచిత్రంగా, అందరికన్నా ఎక్కువ పత్రాలు చదివే చోటే. ఐపీసీసీ ఆరో నివేదిక మొదటి భాగాన్ని 234 మంది రచయితలు 14,000కు పైగా పత్రాలను చదివి 2021 ఆగస్టులో విడుదల చేశారు. ఆ ఏడాది జనవరి 31లోపు ప్రచురణకు అంగీకారం పొందిన పత్రమేదైనా పరిశీలనకు అర్హమే. ఆ గడువు తేదీ నాటికి వాటిలో కొన్నిటికి ఒక్క సైటేషన్ కూడా వచ్చి ఉండదు, వచ్చే వ్యవధే లేదు. పద్ధతీ డేటా తట్టుకుంటాయో లేదో చదివి చూసి, ఆ ఫలితానికి ఎంత విశ్వాసం ఇవ్వవచ్చో అధ్యాయం రాసినవారే నిర్ణయించారు.