వెయ్యేళ్లకొక్క రాత్రి

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న నా బీరువాలోని పాత పత్రిక తెరవగానే పేజీ అంచు పొడిపొడిగా రాలిందని కంగారుపడ్డారు. తప్పు మీది కాదు, కాగితానిది. పల్ప్ అంటే కలప గుజ్జు. ఆ చవక కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసెక్కి విరిగిపోతుంది. అలాంటి చవక పత్రికల్లో వచ్చిన పల్ప్ కథలకు ఆ పేరు వచ్చింది కాగితం వల్లే.

1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి ప్రచురణకర్త హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' తెచ్చాడు. సైన్స్ కథలకే కేటాయించిన తొలి ఇంగ్లిష్ పత్రిక అది, వెల 25 సెంట్లు. పత్రిక కొత్తదే కానీ, తొలి సంచికలోని కథలన్నీ అంతకుముందు అచ్చయినవే. జూల్ వెర్న్, హెచ్.జి. వెల్స్, అప్పటికి 77 ఏళ్ల కిందటే కన్నుమూసిన ఎడ్గార్ అలన్ పో అందులో ఉన్నారు.

"అయితే వీళ్లు కాపీ కొట్టినట్టేనా, తాతయ్యా?" అన్నారు మీరు. ఆ రచయితల పేర్లతోనే మళ్లీ అచ్చువేశారు కాబట్టి అది కాపీ కాదు. ఒకరి ఆలోచనను అరువు తెచ్చుకోవడం సంగతి వేరు. నాకు ప్రాణప్రదమైన ఉదాహరణ ఒకటి చెబుతాను.

వెయ్యేళ్లకు ఒక్క రాత్రే నక్షత్రాలు కనిపిస్తే మనుషులు వాటిని ఎంతగా ఆరాధిస్తారో, ఆ జ్ఞాపకాన్ని ఎన్ని తరాలు దాచుకుంటారో అని అమెరికన్ రచయిత ఎమర్సన్ 1836లో రాశాడు. 1941లో సైన్స్ కథల పత్రిక 'అస్టౌండింగ్' సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఆ వాక్యాన్ని 21 ఏళ్ల రచయిత ఐజాక్ అసిమోవ్‌కు వినిపించి, తనకైతే ఆ మనుషులకు పిచ్చెక్కుతుందని అనిపిస్తోందన్నాడు. ఎమర్సన్‌కు భక్తి కనిపించిన చోట క్యాంప్‌బెల్‌కు భయం కనిపించింది! అసిమోవ్ ఆరు సూర్యులున్న లోకాన్ని ఊహించాడు. అక్కడ 2049 ఏళ్లకొకసారే చీకటి పడుతుంది. అదే ఆ ఏడాది సెప్టెంబరు సంచికలో వచ్చిన 'నైట్‌ఫాల్'. వాక్యం ఎమర్సన్‌దే అయినా, ఆ చీకటి మాత్రం పూర్తిగా అసిమోవ్‌ది. దాన్ని దొంగతనమంటే నేను ఒప్పుకోను.

ఆ మరుసటి ఏడాది మొదలైన 'ఫౌండేషన్' కథలకు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమ్ సామ్రాజ్య పతన చరిత్రే ఆధారమని అసిమోవ్ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

'నైట్‌ఫాల్' ఉన్న పుస్తకం మీకోసం విడిగా తీసి పెట్టాను. సెలవులకు వచ్చేలోపు ఎమర్సన్ మాట గుర్తుచేసుకుని, ఆ రాత్రి జనం ఏంచేస్తారో మీకు తోచినట్టు రాయండి. మీ కథ నాకు అందాకే అసిమోవ్ కథ మీ చేతికిస్తాను.

మీ
తాతయ్య