చరిత్ర పత్రికల్లో ఫుట్‌నోట్ ఎందుకు నిలిచింది

పుస్తకాలు, వ్యాసాల్లో ఆధారాలు ఎలా చూపాలో చెప్పే నియమాల పుస్తకం షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్. 2024లో వచ్చిన దాని 18వ ఎడిషన్ ఒక చిన్న మార్పు చేసింది. గ్రంథసూచిలో పుస్తకం ఏ ఊళ్లో అచ్చయిందో ఇక రాయక్కర్లేదంది. ఇంగ్లిష్‌లో వెలువడే చరిత్ర పత్రికలు చాలావరకు నడిచేది ఈ మాన్యువల్ పద్ధతిలోనో, దానికి దగ్గరి పద్ధతిలోనో కాబట్టి, థీసిస్ సగంలో ఉన్నవాళ్లకు ఇదో కొత్త టెన్షన్. పాత పద్ధతినే ఉంచాలా, ఊళ్ల పేర్లన్నీ కొట్టేయాలా? అసలు ఈ కామాలు, కోలన్లు, ఇటాలిక్కుల నియమాలు ఎవరు పెట్టారు? వెనక్కి వెళ్లి చూస్తే రెండు వేర్వేరు చరిత్రలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ఒకటి పండితుల తగాదాలది. రెండోది ప్రెస్సు పనివాళ్ల అవసరాలది.

తగాదాల సంగతి ముందు. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్ల మీద వేధింపులు పెరిగాక రోటర్‌డామ్ చేరిన తత్వవేత్త పియర్ బేల్, 1697లో ఒక చారిత్రక, విమర్శనాత్మక నిఘంటువు వేశాడు. దాని పేజీ తెరిస్తే పైన అసలు విషయం కొన్ని వరుసలే ఉంటుంది. కింద రెండు కాలమ్‌ల నిండా వివరణలు, వాటి పక్కన మార్జిన్‌లో ఆధారాలు. పాత రచయితలు ఒకరి తప్పును మరొకరు ఎలా ఎత్తిరాస్తూ వచ్చారో చూపించడమే ఆయన పని. ‘నా మాట నమ్మండి’ అనే రోజులు పోయి ‘మీరే చూసుకోండి’ అనే రోజులు వచ్చాయి. పేజీ అడుగున ఆధారం చూపే ఫుట్‌నోట్‌కు బలం అక్కడిది.

1776 ఫిబ్రవరిలో ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన రోమ్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం లండన్‌లో వచ్చింది. అందులో నోట్స్ అన్నీ పుస్తకం చివర ఉన్నాయి. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అప్పటికే జబ్బు మనిషి, ఆ ఆగస్టులోనే చనిపోయాడు కూడా. అయినా ఏప్రిల్‌లో ప్రచురణకర్త స్ట్రాన్‌కు ఉత్తరం రాసి ఫిర్యాదు చేశాడు. నోట్ ఉందని చివరిదాకా తిప్పితే అక్కడ ఉండేది ఏదో గ్రంథం పేరు మాత్రమేనని, అలాంటివి మార్జిన్‌లోనో పేజీ అడుగునో వేయాలని ఆయన గొడవ. తర్వాతి ముద్రణల్లో గిబ్బన్ నోట్స్ పేజీ అడుగుకు దిగాయి. ఫుట్‌నోటా, ఎండ్‌నోటా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. నాకైతే హ్యూమ్ మాటే సబబనిపిస్తుంది.

జర్మనీలో చరిత్రకారుడు లియోపోల్డ్ ఫాన్ రాంకే 1824లో తన మొదటి పుస్తకంతో పాటు, ఇటలీ చరిత్రకారుడు గుయిచార్దీనీ లాంటి పాత పేరున్నవాళ్ల విశ్వసనీయతను పరీక్షించే అనుబంధ సంపుటం వేశాడు. ఆ తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆయన సెమినార్లలో తయారైన విద్యార్థుల ద్వారా, మూలపత్రం చూసి రాయడం, అది ఎక్కడుందో చెప్పడం అనే అలవాటు వృత్తి ధర్మంగా మారింది. 1886లో మొదలైన ఇంగ్లిష్ హిస్టారికల్ రివ్యూ, 1895లో మొదలైన అమెరికన్ హిస్టారికల్ రివ్యూ ఆ వాతావరణంలో పుట్టినవే.

ఇంతవరకు కామాల ప్రసక్తే లేదు. అవి వచ్చింది ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజింగ్ గదిలోంచి. 1891లో షికాగో విశ్వవిద్యాలయం సొంత ప్రెస్సు పెట్టుకుంది. ప్రొఫెసర్లు చేతిరాత ప్రతులు నేరుగా కంపోజిటర్ల చేతికి ఇచ్చేవారు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పని సాగక ప్రెస్సువాళ్లు తమకోసం ఒక కాగితం మీద నియమాలు రాసుకున్నారు. అది పెరిగి పెరిగి 1906లో మాన్యువల్‌గా అచ్చయింది. అదే విశ్వవిద్యాలయంలో థీసిస్‌లు సరిచూసే కార్యదర్శి కేట్ టురాబియన్ 1937లో విద్యార్థుల కోసం తేలిక రూపం తయారు చేసింది. అంటే మన గైడ్‌లు ఎర్ర సిరాతో దిద్దే కామాల్లో ఎక్కువ భాగం సీసపు అక్షరాలు పేర్చినవాళ్ల సౌకర్యం కోసం పుట్టినవి. వాటిని వేదవాక్యాలుగా చూడాల్సిన పని లేదు.

మరి బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం వేసే పద్ధతి చరిత్రకు ఎందుకు రాలేదు? అది మొదట కనిపించింది 1881లో, హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ పెంకు లేని నత్త గుడ్ల మీద రాసిన వ్యాసంలో. సైన్సుకు అది బాగా సరిపోయింది, ఎందుకంటే అక్కడ ముఖ్యం ఎవరు, ఏ ఏడాది కనిపెట్టారన్నది. చరిత్రకారుడి ఆధారం చాలాసార్లు పుస్తకమే కాదు. పలానా ఆర్కైవ్స్, పలానా శాఖ ఫైలు, ఇన్నో నంబరు, పలానా తేదీ ఉత్తరం. దానికి రచయిత ఎవరు? ఏ సంవత్సరం వేయాలి, ఉత్తరం రాసిందా, ఫైలు మూసిందా? ఒక్కోసారి ఆ పత్రాన్ని ఎందుకు నమ్మాలో, దేన్ని నమ్మకూడదో కూడా రెండు వాక్యాలు రాయాలి. బ్రాకెట్లో అంత చోటు ఉండదు.

‘ఐబిడ్’ సంగతి వేరు. పై నోట్‌లో చెప్పిన గ్రంథమే అని సూచించే ఆ లాటిన్ పొట్టిమాట అచ్చుకు పనికొచ్చింది. కంప్యూటర్‌లో ఒక పేరా కత్తిరించి వేరేచోట అతికిస్తే మాత్రం ఐబిడ్ ఇంకెవరి పుస్తకాన్నో చూపిస్తుంది. 2017 నాటి 17వ ఎడిషన్ దాన్ని పక్కనపెట్టి, రచయిత ఇంటిపేరు, పొట్టి శీర్షిక రాయడమే మేలంది.

తెలుగు చరిత్ర మీద పనిచేసేవాళ్లకు ఈ మాన్యువళ్లు సగం దూరమే తీసుకెళ్తాయి. దక్షిణ భారత శాసనాల సంపుటాల నుంచి ఉదహరిస్తే పేజీ కంటే శాసనం నంబరు ముఖ్యం. తెలుగు శాసనాలున్న పదో సంపుటం వాడినవాళ్లకు ఇది అలవాటే. శాసనంలో ఉండేది శక సంవత్సరం, నిజాం కాలపు కాగితాల్లో ఉండేది ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం. దక్కన్ ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1300 ఫసలీ అంటే 1890-91. మూలంలోని లెక్కను కొట్టేసి మన లెక్క ఒక్కటే రాస్తే ఆ కాగితాన్ని వెతికేవాడికి దారి పోతుంది. అలాగే, 19వ శతాబ్దపు తెలుగు పుస్తకానికి మద్రాసా, బందరా, రాజమండ్రా అన్నది చాలా విషయం చెబుతుంది. పాత పుస్తకాలకు ఊరి పేరు ఉంచుకోవడానికి షికాగో కూడా అడ్డు చెప్పదు కాబట్టి, కొట్టేయకండి.

అన్నిటికన్నా తిప్పలు పేర్లతో. చరిత్రకారులు మల్లంపల్లి సోమశేఖర శర్మ, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, ఇద్దరిదీ ఇంటిపేరు ముందే ఉంది. పాశ్చాత్య నమూనా చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో గ్రంథసూచిలో ఒకరు శర్మ, ఇంకొకరు రావు అయిపోతారు. రావులందరూ ఒక్కచోట గుమిగూడాక ఎవరు ఎవరో తెలియాలంటే ఇనిషియల్సే దిక్కు. అందుకే ఇంగ్లిష్ వ్యాసాల్లో ఒకే మనిషి రెండు మూడు రకాలుగా కనిపిస్తాడు.

2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర, నూతన మాధ్యమాల కేంద్రం ఆధారాల వివరాలు దాచుకుని నోట్స్, గ్రంథసూచి తయారుచేసే జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. చరిత్రకారుల నీడలో పుట్టిన పనిముట్టు అది. కామాల చాకిరీ ఇప్పుడు అదే చేస్తుంది. పత్రిక మారితే శైలి ఒక్క క్లిక్కుతో మారుతుంది. పేరు మాత్రం మనం ఎలా ఎక్కిస్తే అలాగే వస్తుంది. అందులో పేరును రెండు ముక్కలు చేయకుండా ఒకే గడిలో రాసుకునే వీలుంది. మల్లంపల్లి వారిని మల్లంపల్లి వారిగానే ఉంచాలంటే ఎక్కించేటప్పుడే ఆ గడి ఎంచుకోవాలి.