పాస్టర్ గారు చేసిన పెళ్లి చట్టం ముందు నిలుస్తుందా? చెన్నై తెలుగు క్రైస్తవ సంఘాల్లో అపోహలు - వాస్తవాలు

చెన్నైలో తెలుగు క్రైస్తవ సంఘాల ఆఫీసులకు పెళ్లి కాగితాల గురించి వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ పెళ్లయిపోయాకే వస్తాయి. అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వచ్చింది, అమ్మాయికి డిపెండెంట్ వీసా కావాలి. లేదా భర్త పోయాడు, పీఎఫ్ డబ్బు దగ్గర భార్యనని రుజువు చూపించమంటున్నారు. చేతిలో ఉన్నది పావురాల బొమ్మ, బంగారు అక్షరాలు ఉన్న ఒక అట్ట. కింద పాస్టర్ గారి సంతకం, సంఘం ముద్ర. "చర్చిలోనే చేసుకున్నాం కదండీ, ఇదెందుకు చెల్లదు?" అని ఏడుస్తూ అడుగుతారు. ఆ బాధలో తప్పు వాళ్లది కాదు. పెళ్లికి ముందు ఒక్క ప్రశ్న అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అపోహ: పాస్టర్ అయితే చాలు, పెళ్లి చేయొచ్చు, ఎక్కడైనా చేయొచ్చు.

వాస్తవం: కాదు. మన కుటుంబాలకు ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా, మతపరంగా పెళ్లి జరిగితే దానికి వర్తించేది 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం. పెళ్లి ఎవరు చేయవచ్చో సెక్షన్ 5 చెబుతుంది. వాళ్లు కాకుండా వేరెవరు చేసినా ఆ పెళ్లి చెల్లదని సెక్షన్ 4 చెబుతుంది. అధికారం ఉన్నవాళ్లు వీళ్లు: బిషప్ పరిపాలన ఉన్న సంఘంలో బిషప్ చేత గురువుగా అభిషేకం పొందినవారు (కతోలిక ఫాదర్లు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యగార్లు ఈ కోవలోకి వస్తారు), స్కాట్లాండ్ చర్చి గురువులు, సెక్షన్ 6 కింద లైసెన్స్ ఉన్న పాస్టర్లు, ప్రభుత్వ మ్యారేజ్ రిజిస్ట్రార్, సెక్షన్ 9 కింద లైసెన్స్ ఉన్నవారు. మన బాప్టిస్టు, పెంతెకొస్తు, బ్రదరెన్, స్వతంత్ర సంఘాల్లో పెళ్లి చేసేవారికి లైసెన్స్ తప్పనిసరి. విజిటింగ్ కార్డు మీద బిషప్ అని వేయించుకున్నంత మాత్రాన మొదటి కోవలోకి రారు.

"ఆయన దైవజనుడు, ఆయనకు ప్రభుత్వం లైసెన్స్ ఏమిటి?" అని పెద్దలు నొచ్చుకుంటారు. ఆయన పరిచర్య మీద ఎవరికీ అనుమానం లేదు. అయితే చట్టం చూసేది అభిషేకాన్ని కాదు, అధికారాన్ని. అధికారం లేకుండా పెళ్లి చేసినవారికి సెక్షన్ 68 కింద పదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పాస్టర్ గారి మీద ప్రేమ ఉన్నవాళ్లే ముందుగా ఈ మాట ఎత్తాలి.

లైసెన్స్ ఉందని తెలిశాక కూడా మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది రాష్ట్రం. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, అది పనిచేసేది ఆ రాష్ట్రం లోపలే. ఒంగోలులోనో, గుంటూరులోనో అమ్మాయికి బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ గారిని రైలెక్కించి పెరంబూరుకో, వేలచ్చేరికో తెచ్చి, ఇక్కడి హాల్లో పెళ్లి చేయిస్తారు. ఆయన దగ్గర ఆంధ్ర లైసెన్స్ ఉంటుంది, రిజిస్టరు పుస్తకం సంచిలో తెచ్చుకుంటారు, అందరికీ నమ్మకం. కానీ తమిళనాడు గడ్డ మీద ఆ లైసెన్స్‌కు బలం లేదు. చెన్నైలోని తెలుగువాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే.

రెండోది సెక్షన్. సెక్షన్ 9 లైసెన్స్ ఇద్దరూ భారతీయ క్రైస్తవులైన జంటకే పనికొస్తుంది. అబ్బాయి హిందువు, అమ్మాయి క్రైస్తవురాలు అయితే దానితో చేసిన పెళ్లి నిలవదు; అక్కడ సెక్షన్ 6 లైసెన్స్ ఉన్నవారు కావాలి, లేదా మతంతో పని లేకుండా ప్రభుత్వ అధికారి ముందు పెళ్లి చేసుకునే ప్రత్యేక వివాహ చట్టం దారి పట్టాలి.

మూడోది మనిషి. లైసెన్స్ వ్యక్తికి ఇస్తారు, సంఘానికి కాదు. పెద్ద పాస్టర్ గారి లైసెన్స్ మీద వాళ్లబ్బాయి పెళ్లి చేసి, తర్వాత నాన్నగారితో సంతకం పెట్టిస్తే అది తప్పుడు నమోదే.

అందుకని పెళ్లికి కనీసం రెండు నెలల ముందు పాస్టర్ గారి దగ్గర కూర్చుని లైసెన్స్ జిరాక్సు అడగండి. అందులో పేరు, సెక్షన్, రాష్ట్రం, ఇంకా అమల్లో ఉందా లేదా అన్నవి చూసుకోండి. అడగడం అమర్యాద కాదు. నిజంగా లైసెన్స్ ఉన్నవారు సంతోషంగా చూపిస్తారు.

మరి ఊరి పాస్టర్ గారే కావాలంటే? ఆరాధన పంచుకోండి. వాక్యం ఆయన చెబుతారు, ఆశీర్వాద ప్రార్థన ఆయన చేస్తారు. ప్రమాణాలు చేయించడం, భార్యాభర్తలని ప్రకటించడం, రిజిస్టరులో సంతకం మాత్రం ఇక్కడ అధికారం ఉన్నవారు చేయాలి. కార్డులో ఇద్దరి పేర్లూ వేయించవచ్చు. ఈ ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి. స్టేజీ మీద కాదు.

అపోహ: సర్టిఫికెట్ ఇచ్చారు కాబట్టి పెళ్లి నమోదైనట్టే.

వాస్తవం: సర్టిఫికెట్ ఎక్కడి నుంచి చింపి ఇచ్చారో చూడండి. లైసెన్స్ ఉన్న పాస్టర్ దగ్గర వరుస నంబర్లతో బైండు చేసిన వివాహ రిజిస్టరు ఉంటుంది. ఒకే వివరాలు రెండు చోట్ల రాయాలి: పుస్తకంలో ఒకటి, దానికి జతగా ఉన్న సర్టిఫికెట్‌లో ఒకటి. రెండింటి మీదా పాస్టర్, వధువు, వరుడు, పాస్టర్ కాకుండా ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆ సర్టిఫికెట్‌ను పాస్టర్ గారు విడదీసి, పెళ్లయిన నెల లోపు జిల్లా మ్యారేజ్ రిజిస్ట్రార్‌కు పంపాలి. పంపని పుస్తకాలు బీరువాల్లో ఎన్నో ఉన్నాయి. పావురాల అట్టకు రిజిస్టరు నంబరు లేకపోతే అది జ్ఞాపిక మాత్రమే. విదేశాల్లో చూపించాలన్నా, అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లడానికి మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించాలన్నా రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం తెచ్చుకోండి.

రాసేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ అవే. మనకు ఇంటిపేరు ముందు, తమిళనాడు కాగితాల్లో తండ్రి పేరు ఇనీషియల్. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు, రిజిస్టరులో బాప్తిస్మప్పుడు పెట్టిన పేరు. పెళ్లి సందడిలో, ఒక పక్క ఫొటోలవాళ్లు పిలుస్తుంటే, ఎవరో ఒక కుర్రాడు నిలబడి హడావుడిగా రాస్తాడు. ఇలా కాకుండా, ముందురోజే పాస్‌పోర్టు చూసి స్పెల్లింగులు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి: పూర్తి పేరు, వయసు, అవివాహితులా లేక భార్యో భర్తో పోయినవారా, వృత్తి, చిరునామా, తండ్రి పేరు. మర్నాడు సంతకం పెట్టే ముందు వేలు పెట్టి ఒక్కో గడీ చదవండి.

దీంతో పని అయిపోలేదు. తమిళనాడులో 2009 నాటి వివాహాల నమోదు చట్టం ప్రకారం, ఏ మతంవారైనా, ఇక్కడ జరిగిన పెళ్లిని 90 రోజుల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించాలి. ఆ గడువు దాటితే అదనపు రుసుముతో ఇంకో 60 రోజులు. చర్చి రిజిస్టరులో ఎక్కింది కదా అని ఇది మానడానికి లేదు. పెళ్లి ఆంధ్రలో జరిగి కాపురం చెన్నైలో పెడితే, ఆ పెళ్లికి అక్కడి 2002 నాటి తప్పనిసరి నమోదు చట్టం ఉంది. సెలవు అయిపోయి రైలెక్కే ముందే అక్కడ పని ముగించుకోండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: నమోదు అనేది పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యం. అధికారం లేనివారు చేసిన పెళ్లిని అది బాగు చేయదు.

అపోహ: చెల్లని పెళ్లి అయితే మన బతుకు అయిపోయినట్టే.

వాస్తవం: అయిపోలేదు. భయపడకండి, పిల్లల గురించి కూడా. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో సెక్షన్ 15 ఉంది. ఏదో ఒక పద్ధతిలో పెళ్లి జరిగి, అప్పటి నుంచి భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవారు దాని కింద నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. నమోదు నాటికి ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి, అమ్మాయికి కూడా. దరఖాస్తుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో నివాసం ఉండాలి. అభ్యంతరాల కోసం 30 రోజులు నోటీసు పెడతారు. ముగ్గురు సాక్షులు కావాలి. ఆ చట్టం కింద పెళ్లిగా లెక్కకు వచ్చేది నమోదైన రోజు నుంచే, కానీ తొలి పెళ్లి తర్వాత పుట్టి, ధ్రువపత్రంలో పేర్లు ఎక్కిన పిల్లలు మొదటి నుంచీ చట్టబద్ధ సంతానమే. మీ విషయంలో ఇదే మంచిదో, అదే చట్టం కింద కొత్తగా పెళ్లి చేసుకోవడం మంచిదో ఒక వకీలును అడిగి తేల్చుకోండి. వీసా తేదీకి మూడు నెలల ముందైనా కదలండి.

"లైసెన్స్ ఉన్న ఇంకో పాస్టర్ గారు పాత తేదీ వేసి ఇస్తారట" అనే మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. దయచేసి ఆ గుమ్మం తొక్కకండి. అది నేరం, రాసినవారికీ, రాయించుకున్నవారికీ. పుస్తకంలో ముందు పేజీ, వెనక పేజీ తేదీలు చూస్తే చాలు, దొరికిపోతారు.

అపోహ: చర్చిలో చేసుకుని, హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయిస్తే కులం సర్టిఫికెట్ భద్రం.

ఈ మాట వెనక ఉన్న భయం నిజమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. ఆంధ్రలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ-సీగా, తమిళనాడులో బీసీగా లెక్కిస్తారు. ఇది అన్యాయమని మన సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి, అడగడం న్యాయమే. అయినా హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. రిజిస్ట్రార్ ముందు ఒక మతం, పెళ్లి ఫొటోల్లో ఇంకో మతం ఉంటే రేపు ఆస్తి తగాదాలోనో, విడాకుల కేసులోనో ఎదుటి వకీలు మొదట లాగేది ఆ తీగే. బాప్తిస్మం, ఆచరణ ఉండి రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడాన్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో ఒప్పుకోలేదు.

మిగిలినవి గబగబా. సాయంత్రం ఏడు దాటితే పెళ్లి చెల్లదంటారు. ప్రత్యేక అనుమతి లేకపోతే ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే చేయాలన్నది నిజం, దాటితే చేసినవారికి శిక్ష ఉంది, కానీ వేళ, చోటు, నోటీసు పొరపాట్ల వల్ల పెళ్లి రద్దు కాదని సెక్షన్ 77 చెబుతోంది. మూడు ఆదివారాల ప్రకటన సంఘం నియమం. లైసెన్స్ ఉన్న పాస్టర్ చేసే పెళ్లికి చట్టం అడిగేది రాతపూర్వక నోటీసు. అది అందిన నాలుగు రోజుల తర్వాతే ఆయన నోటీసు సర్టిఫికెట్ ఇవ్వగలరు, ఇచ్చిన రెండు నెలల్లో పెళ్లి జరగాలి. పెళ్లి ఆ గడువు దాటి వాయిదా పడితే నోటీసు మళ్లీ ఇవ్వాలి. తాళి కట్టారా, ఉంగరాలు మార్చుకున్నారా అన్నది చట్టానికి పట్టదు. బాప్తిస్మ సర్టిఫికెట్ కూడా సంఘం అడిగేదే; చట్టానికి క్రైస్తవ విశ్వాసాన్ని అనుసరించేవారు అంటే చాలు. ప్రధానం (నిశ్చితార్థం) అయిందంటే పెళ్లి అయినట్టు కాదు. సంఘ పెద్దలు రాసిచ్చిన విడాకులు, చర్చి కోర్టు ఇచ్చిన రద్దు పత్రం కోర్టు డిక్రీకి సాటి రావు. వాటిని పట్టుకుని రెండో పెళ్లికి వచ్చేవారిని, ఎంత దగ్గరివారైనా, ముందు కోర్టుకు పంపండి.