మేకులతో ‘కంఫర్ట్’

దేశం మీద యుద్ధానికి దిగడం గానీ, శత్రువుల పక్షం చేరి వారికి ‘ఎయిడ్ అండ్ కంఫర్ట్’ అందించడం గానీ దేశద్రోహమని అమెరికా రాజ్యాంగం మూడవ అధికరణం చెబుతుంది. డొనాల్డ్ ట్రంప్ అభ్యర్థిత్వంపై 2024 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యానికి మూలమైన పద్నాలుగవ సవరణలోనూ దాదాపు ఇదే మాటల జంట ఉంది. ‘ఎయిడ్’ అంటే సాయమని తెలుస్తూనే ఉంది. మరి శత్రువుకు ‘కంఫర్ట్’ ఇవ్వడమంటే ఏమిటి? మెత్తటి పరుపు వేసి పడుకోబెట్టడమా?

ఈ మాటల జంట ఇంగ్లండులో 1351 నాటి రాజద్రోహ చట్టం నుంచి వచ్చింది. ఆనాటి న్యాయస్థానాల ఫ్రెంచిలో రాసిన ఆ చట్టంలో ‘కంఫర్ట్’ అంటే హాయి కాదు; బలం చేకూర్చడం, అండగా నిలవడం. 1942లో జర్మనీ జలాంతర్గాముల్లో వచ్చి అమెరికా తీరంలో దిగిన విధ్వంసకుల కేసుల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వారిలో ఇద్దరితో కలిసి కూర్చుని తాగుతూ మాట్లాడిన క్రేమర్ అనే వ్యక్తికి పడిన శిక్షను సుప్రీంకోర్టు 1945లో కొట్టివేసింది. ఆ కాలక్షేపం విధ్వంసకుల పనిని ఏమాత్రం ముందుకు నడపలేదని భావించింది. విధ్వంసకుల్లో ఒకడైన తన కొడుకుకు ఇంట్లో ఆశ్రయమిచ్చి, కారు కొనడానికీ ఉద్యోగంలో చేరడానికీ తోడ్పడిన హాప్ట్ శిక్షను మాత్రం 1947లో అదే కోర్టు ఖాయం చేసింది. మొదటివాడి వల్ల శత్రువుకు కలిగింది కాసేపు ఉల్లాసమైతే, రెండవవాడి వల్ల కలిగింది బలం.

లాటిన్‌లో ‘ఫోర్టిస్’ అంటే బలమైనది. కోట అనే అర్థంలో మనం వాడే ఫోర్ట్, ప్రయత్నమనే అర్థంలోని ఎఫర్ట్, ఫోర్స్ అన్నీ ఆ కుటుంబానివే. దానికి ముందు ‘కాన్’ అనే ఉపసర్గ చేరి ‘కన్ఫోర్టారే’ అయింది. ఈ ఉపసర్గకు ‘కలిసి’ అనే అర్థమున్నా, ఇక్కడ అది తీవ్రతను మాత్రమే సూచిస్తుంది: బాగా బలపరచు. అక్కడి నుంచి పాత ఫ్రెంచికీ, సుమారు 13వ శతాబ్దంలో ఇంగ్లీషుకీ చేరింది.

బలం హాయిగా ఎలా మారిందన్నదే నన్ను పట్టి కుదిపే ప్రశ్న. అర్థవిపరిణామం ఒక్కరోజులో జరగదు; పాత అర్థాన్ని ఎవరూ తీసి పారేయరు. పాత అర్థమూ కొత్త అర్థమూ రెండూ చక్కగా పొసగే వాక్యాలు కొన్ని భాషలో పుడతాయి. చెప్పినవాడు ఒక అర్థంలో చెప్పినా, విన్నవాడు రెండో అర్థంలో తీసుకున్నా సంభాషణకు భంగం రాదు గనుక ఆ తేడా ఎవరి దృష్టికీ రాదు. భాషాశాస్త్రజ్ఞులు వీటిని వారధి సందర్భాలంటారు. అలాంటి వాక్యాలు విని పెరిగిన తరం, పాత అర్థం ఏమాత్రం పొసగని చోట కూడా ఆ మాటను కొత్త అర్థంలో ధైర్యంగా వాడేస్తుంది.

ఈ మూడు దశలనూ ఒకే పుస్తకంలో చూడవచ్చు. విక్లిఫ్ పేరుతో ప్రసిద్ధమైన 14వ శతాబ్ది ఇంగ్లీషు బైబిలు లాటిన్ నుంచి అనువాదమైంది. యెషయా గ్రంథం 41వ అధ్యాయంలో, తాను చేసిన విగ్రహం కదలకుండా పనివాడు దాన్ని మేకులతో బిగిస్తాడు. లాటిన్‌లో అక్కడున్న క్రియ ‘కన్ఫోర్టారే’. విక్లిఫ్ అనువాదపు తొలి పాఠం కూడా ఆ విగ్రహాన్ని మేకులతో ‘కంఫర్ట్’ చేశాడనే చెబుతుంది. విగ్రహానికి దుఃఖం లేదు, ఓదార్పు అక్కర్లేదు. ఇక్కడ మాటకు బలమొక్కటే అర్థం. లూకా సువార్త 22వ అధ్యాయంలో, సిలువకు ముందు రాత్రి వేదనలో ఉన్న యేసుకు దూత కనబడి ‘కంఫర్ట్’ చేస్తాడు. లాటిన్‌లో అదే క్రియ; తెలుగు బైబిలు ‘బలపరచెను’ అంది. కానీ కుంగిపోయిన మనిషిని బలపరచడానికీ ఓదార్చడానికీ మధ్య గీత ఎక్కడ గీస్తాం? వారధి ఇదే. ఇక 23వ కీర్తనలో లాటిన్ క్రియ మారిపోయింది, అక్కడున్నది ‘ఓదార్చు’ అనే అర్థం గల ‘కన్సోలారీ’. విక్లిఫ్ అనువాదం మాత్రం అక్కడా ‘కంఫర్ట్’ అనే వాడింది. తెలుగులో ‘నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును’ అన్న చరణం అదే. లాటిన్‌లో రెండుగా ఉన్న క్రియలు ఇంగ్లీషులో ఒకే మాట కింద చేరిపోయాయి.

ఓదార్పు నుంచి ఒంటి సుఖానికి తీసుకువెళ్లిన వారధి ఆహారమని నా అభిప్రాయం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆదికాండంలో, ఎండవేళ వచ్చిన అతిథులతో అబ్రాహాము, కాస్త రొట్టె తెస్తాను, మీ హృదయాలను ‘కంఫర్ట్’ చేసుకోండి అంటాడు. ఆకలిగొన్నవాడికి రొట్టె బలమూ ఇస్తుంది, ప్రాణానికి హాయీ ఇస్తుంది. జీర్ణాశయాన్నీ గుండెనూ ‘కంఫర్ట్’ చేసే మూలికల గురించి ఆ కాలపు వైద్యులు రాసింది కూడా ఈ రెండర్థాల సంధిలోనే. అక్కడి నుంచి వెచ్చని మంటకూ, కుర్చీకీ, గదికీ మాట పాకడం సహజమే. ‘కంఫర్టబుల్’ అనే విశేషణం తొలినాళ్లలో ఊరటనిచ్చే దానికే వర్తించేది. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ‘కంఫర్టబుల్ వర్డ్స్’ అంటే ధైర్యమిచ్చే వాక్యాలు. 18వ శతాబ్దంలో అది హాయిగా ఉన్న మనిషికీ వర్తించసాగింది. ‘కుర్చీ కంఫర్టబుల్‌గా ఉంది’, ‘నేను కంఫర్టబుల్‌గా ఉన్నాను’ అని మనం రెండు విధాలా అనగలగడం దాని ఫలితమే.

మాటకు మొట్టమొదటి అర్థమే అసలైన అర్థమని, తర్వాతివన్నీ అపభ్రంశమని నమ్మేవారు చాలామంది ఉన్నారు. దీన్ని భాష విషయంలోని మూఢనమ్మకమనే అంటాను. అలాగైతే మనం ‘సుఖం’ అనే మాటను బండికి తప్ప వాడకూడదు. రుగ్వేదం మొదటి మండలం 20వ సూక్తంలో రుభువులు అనే దేవశిల్పులు అశ్వినీదేవతలకు చేసి ఇచ్చినది ‘సుఖం రథం’, అంటే సాఫీగా సాగే రథం. అయితే పాత అర్థాన్ని పూర్తిగా విస్మరించి బోధించడమూ నష్టమే. బడిలో ‘కంఫర్ట్’ అంటే సౌకర్యమని ఒక్క అర్థమే నేర్చిన విద్యార్థి, పాత చట్టాన్నో పాత కవిత్వాన్నో చదివేటప్పుడు తప్పుదారి పడతాడు. అర్థాలను కాలక్రమంలో చూపే నిఘంటువును ఉన్నత పాఠశాలలోనే పిల్లల చేతికివ్వాలి.

ఇంగ్లీషుకు ఈ మాటనిచ్చిన ఫ్రెంచి, భౌతిక సౌకర్యమనే కొత్త అర్థాన్ని 19వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లీషు నుంచే తిరిగి తెచ్చుకుంది. జర్మను కూడా అదే అర్థంలో తీసుకుంది. తెలుగు వాడుకలోకి వచ్చిందీ ఆ చివరి అర్థమే. పాత అర్థాలను మాత్రం మన బైబిలు అనువాదకులు తెలుగు మాటల్లోనే పంచి పెట్టారు: బలం దగ్గర ‘బలపరచు’ అన్నారు, దుఃఖం దగ్గర ‘ఓదార్చు’ అన్నారు, 1611 నాటి ఇంగ్లీషు యోహాను సువార్తలో ‘కంఫర్టర్’ అని ఉన్న చోట ‘ఆదరణకర్త’ అన్నారు.