ఒక్క లైసెన్స్, ఎన్ని సిస్టంలు? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. తరచూ వినే మాట ఒకటుంది: “డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరే కదన్నా, ఇంట్లో సిస్టంలో కూడా ఎక్కించు.” అడిగేవాళ్లకు మోసం చేయాలని ఉండదు. కొనేటప్పుడు ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

అపోహ: కొన్నాక అది మన సొత్తు, ఎన్నింట్లోనైనా వేసుకోవచ్చు.

వాస్తవం: మనం కొనేది వాడుకునే అనుమతి. ఎన్నింట్లో అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీస్ హోమ్ 2024కు ఒకేసారి డబ్బు కడతాం, అది ఒక్క సిస్టంకే. నెలకో, ఏడాదికో డబ్బు కట్టే మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ ఒక్క మనిషికి, కానీ ఒకేసారి 5 పరికరాల్లో వాడుకోవచ్చు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ వ్యక్తిగత ప్లాన్‌ను రెండు కంప్యూటర్లలో యాక్టివేట్ చేయొచ్చు, ఒకే సమయంలో రెండింట్లో వాడకూడదు. స్టూడియోలో అన్న పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేస్తుంటే ఇంట్లో తమ్ముడు అదే ఐడీతో ఫొటోషాప్ తెరవకూడదన్నమాట. ఇంత ఖర్చు పెట్టలేనివాళ్లకు ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తాను. ఎన్ని సిస్టంలలో వేసుకున్నా పైసా కట్టక్కర్లేదు.

అపోహ: ఫార్మాట్ కొడితే ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ పోతుంది.

వాస్తవం: పోదు. విండోస్ 8 నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చే కీ, అంటే లైసెన్స్ నంబరు, మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) మళ్లీ వేసి నెట్ కలిపితే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. నాకు బాధ కలిగించేది ఇక్కడే. హోమ్ ఎడిషన్‌కు డబ్బు కట్టి కొన్న ల్యాప్‌టాప్‌లో ఎవరో క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేని దొంగ ప్రో వేసి, దానికీ డబ్బు తీసుకుని ఉంటారు. హోమ్ తిరిగి వేస్తే చాలు, అసలు లైసెన్స్ వచ్చేస్తుంది. అయితే ఆ కీ ఆ ల్యాప్‌టాప్‌కే, వేరేదానికి మార్చలేం. విడిగా కొన్న రిటైల్ విండోస్‌నైతే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు.

అపోహ: చిన్న షాపుకు చట్టం రాదు.

వాస్తవం: కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ షాపు పెద్దదా చిన్నదా అని చూడదు. దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది. కొన్న సాఫ్ట్‌వేర్ పాడైతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు.

అపోహ: లెక్కలు రాసుకునే ట్యాలీని కొత్త సిస్టంలోకి కాపీ చేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ట్యాలీలో సిల్వర్ అనే రకం లైసెన్స్ ఒక్క సిస్టంకే. మార్చాలంటే పాతదాంట్లో లైసెన్స్‌ను సరెండర్ చేసి (వదులుకుని), కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పోయిన చీనీ (బత్తాయి) సీజన్‌లో మండీ గుమస్తా ఒకాయన సీపీయూ మోసుకొచ్చాడు. సరెండర్ చేయకుండానే ఎవరో ఫార్మాట్ కొట్టారు. తెరిస్తే, లైసెన్స్ లేనప్పుడు వచ్చే ఎడ్యుకేషనల్ మోడ్. అందులో నెలకు 1, 2, 31 తేదీల ఎంట్రీలే పడతాయి. ఆ రోజు 17. సంచిలో రబ్బరుబ్యాండ్లు వేసిన చీటీల కట్టలు. లైసెన్స్ రీసెట్ చేద్దామంటే (పాత యాక్టివేషన్ తీసేయిద్దామంటే) రిజిస్టర్ చేసిన మెయిల్, ట్యాలీ అమ్మినాయన సొంతది. ఆయన ఫోన్ ఎత్తేసరికి మూడో రోజు.

సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు మీ మెయిల్ ఐడీతోనే, మీ ముందే రిజిస్టర్ చేయించుకోండి. పాస్‌వర్డ్ బిల్లు వెనకే రాయకుండా వేరే చోట దాచండి.