డ్రయ్యర్ కన్నా ముందు కాటా

ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర వేసేవాళ్లకు మే నెలంతా పనే, టెన్షనే. చాప మీద రసం పల్చగా పూస్తారు. అది ఆరాక దానిపై ఇంకో పూత, ఇలా రోజుల తరబడి. మధ్యలో మబ్బు పట్టిందా, చాపలన్నీ లోపలికి మోయాలి. ఒకేసారి మందంగా పూయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ మందం రెండింతలైతే ఆరే సమయం దాదాపు నాలుగింతలవుతుంది, లోపలి తడి అంత దూరం పైకి రావాలి కనుక. ఈ లెక్క తాండ్ర వేసే చేతులకు ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు తాండ్రకీ, అరటి చిప్స్‌కీ, మునగాకు పొడికీ చిన్న డ్రయ్యర్ కొనాలనుకునేవాళ్లు పెరిగారు. అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ఎన్ని డిగ్రీల వేడి వస్తుందో. మన గోదావరి డెల్టాలో అంతకన్నా ముందు అడగాల్సింది గాలి సంగతి. 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉందనుకోండి. వానాకాలంలో ఇది మామూలే, దండెం మీద బట్టలే ఆరవు. అదే గాలిని 50 డిగ్రీలకు వేడి చేస్తే సాపేక్ష తేమ, అంటే గాలి పట్టగలిగే నీటిలో ఇప్పుడున్న వంతు, 28 శాతానికి పడిపోతుంది. గాలిలో నీరు చుక్క కూడా తగ్గలేదు, ఇంకా తాగగల శక్తి పెరిగింది. తాగాక ఆ గాలి బయటికి పోవాలి. డ్రయ్యర్ అద్దం లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తున్నాయంటే గాలి బయటికి పోవడం లేదన్నమాట. అలాంటి పెట్టెలో సరుకు ఉడుకుతుంది, ఎండదు.

ఇక ఖర్చు. 10 కిలోల మామిడి ముక్కల్లో 85 శాతం నీరే. 15 శాతం తేమ మిగిలేదాకా ఎండబెడితే చేతికొచ్చేది సుమారు 1.8 కిలోలు, పోవాల్సిన నీరు 8.2 కిలోలు. కిలో నీరు ఆవిరవడానికి సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి, అంటే మొత్తం ఐదున్నర యూనిట్లు. మామూలు కరెంటు ట్రే డ్రయ్యర్‌లో సగానికి పైగా వేడి వృథా కావచ్చు, కాబట్టి 11 నుంచి 18 యూనిట్లు వేసుకోవాలి. యూనిట్ 8 రూపాయలనుకుంటే కిలో ఎండు ముక్కల మీద 50 నుంచి 80 రూపాయలు కరెంటుకే పోతాయి. హీట్ పంప్ డ్రయ్యర్ ఆవిరిలోని వేడిని మళ్లీ పట్టుకుని వాడుతుంది గనుక బిల్లు బాగా తగ్గుతుంది, కానీ యంత్రం ధర ఎక్కువ.

ఎండ ఉచితమే, కానీ దానికి చోటు కావాలి. చదరపు మీటరుకు రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ పడితే, సోలార్ డ్రయ్యర్ అందులో పావు వంతు వాడుకున్నా రెండు కిలోల లోపు నీరే పోతుంది. ఆ 10 కిలోలు ఒక్క రోజులో ఎండాలంటే నాలుగున్నర చదరపు మీటర్లు ఉండాలి. బీరువా అంత పెట్టె చూపించి ఇంత సరుకు ఎండుతుందంటే నమ్మకండి.

వాన పడితే ఏమిటన్నది అసలు ప్రశ్న. కొబ్బరిలో సగం నీరే, దాన్ని 6 శాతానికి తేవాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది, కొన్ని బూజుల నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వేడి చేసినా అది పూర్తిగా పోదు. అందుకే ఎండతోపాటు రెండో వేడి ఉన్న హైబ్రిడ్ డ్రయ్యరే మన ప్రాంతానికి తగినదని నా నమ్మకం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల కోసం ఎండకు గ్యాస్ జోడించిన డ్రయ్యర్లు తయారుచేసింది. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి పెంకులతోనే మండే కొబ్బరి డ్రయ్యర్లు రూపొందించింది. కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేటలో పెంకులకు కొదవా!

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకంలో బ్యాంకు రుణంతో కొన్న యంత్రానికి 35 శాతం సబ్సిడీ పెట్టారు. సబ్సిడీ యంత్రం ధర తగ్గిస్తుంది, నెలనెలా వచ్చే బిల్లును కాదు.

కొనేముందు మీ సరుకే తీసుకెళ్లి, వీలైతే మబ్బు రోజున ఎండబెట్టి చూడండి. పై ట్రే, కింది ట్రే విడివిడిగా గంటగంటకూ కాటా వేయండి, మీటరు రీడింగ్ రాసుకోండి. రెండు ట్రేల మధ్య తేడా ఎక్కువుంటే గాలి సమంగా తిరగడం లేదు. వరుసగా రెండు తూకాలు ఒకటే వస్తే ఆ గాలిలో ఇక ఆరేది లేదు. చల్లారగానే కవర్లో సీల్ చేయాలి. డెల్టా రాత్రి గాలికి వదిలేస్తే తెల్లారేసరికి తూకం మళ్లీ పెరుగుతుంది.